శుక్రవారం టేపు

"టేపు ఖాళీ" అని స్క్రీన్ మీద పడగానే ఎస్సై కుర్చీలోంచి లేచాడు.

"ఇంకేముంది? వీణ్ణి జీపెక్కించండి."

కానిస్టేబుల్ వచ్చి రఫీక్ జబ్బ పట్టుకున్నాడు. ఆ కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా మిషన్లు చూసే మెకానిక్ రఫీక్. చేతులకు ఇంకా గ్రీజు మరకలున్నాయి.

"నేను కాద్సార్! మా బావని నేనెందుకు చంపుకుంటాను? వీడియో చూస్తే తేలిపోద్దన్నారుగా!"

"ఏం చూడమంటావురా, ఖాళీ టేపా?"

సూపర్‌వైజర్ ఆదినారాయణ మౌస్ వదిలేసి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఏసీ గదిలోనూ చెమటలు పడుతున్నాయి. రొంపిచెర్ల రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజీలో కెమెరాల రికార్డంతా కంప్యూటర్ నుంచి టేపుల్లోకి ఎక్కుతుంది. ఆ టేపులు చూసుకునే ఇస్మాయిల్ శుక్రవారం సాయంత్రం మూడో చాంబర్‌లోకి వెళ్లాడు. వెనక ఎవరో గడియ పెట్టారు. తెల్లారి తలుపు తీస్తే మిర్చి టిక్కీ బస్తాల మధ్య ముడుచుకుని, బిగుసుకుపోయి కనిపించాడు. అదే రోజు కంప్యూటర్ హార్డ్ డిస్క్ కూడా పాడైంది. మిగిలిన ఆశ శుక్రవారం టేపొక్కటే.

"ఆ శుక్రవారం పొద్దున గేటు దగ్గర బావా బామ్మర్దులు అరుచుకోవడం అందరం విన్నాం సార్," అన్నాడు ఆదినారాయణ. "చాంబర్ల తాళాలు కూడా వీడి దగ్గరే ఉంటాయి."

"బండి అడిగితే ఇయ్యలేదని అరిచానన్నా! బండి కోసం మడిసిని చంపుతారా ఎవరన్నా?"

ఆదినారాయణ బటన్ నొక్కాడు. టేపులు తిప్పే డ్రైవ్ దాన్ని బయటికి తోసింది. లోపల ఇంకేమీ లేదు. అయినా ఒక్కసారి గిర్రున తిరిగి, ఎవరో పళ్లు కొరికినట్టు చప్పుడు చేసి ఆగింది. అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇస్మాయిల్ పోయినప్పటి నుంచి ఇంతే. ఎవరూ ముట్టుకోకుండానే దానికి ప్రాణం వస్తోంది. ఇస్మాయిల్ స్వెట్టర్ ఇంకా కుర్చీకి తగిలించే ఉంది. ఆదినారాయణ అటు చూడటం మానేసి చాలా రోజులైంది.

"సార్, ఒక్క నిమిషం."

గుమ్మంలో నల్ల బురఖాలో జరీనా నిలబడి ఉంది. ఇస్మాయిల్ భార్య. ఇద్దత్‌లో, భర్త పోయాక పాటించే గడువులో ఉన్న మనిషి, ఇల్లు దాటి రాకూడదు. తమ్ముడు రఫీక్ కోసం వచ్చింది.

"నువ్వెందుకొచ్చావమ్మా?" ఆదినారాయణ అడ్డొచ్చాడు. "ఇవన్నీ నువ్వు చూడకూడదు. ఇంటికి పో తల్లీ."

"పోతానన్నా. ఏ టేపు చూశారు?"

"శుక్రవారంది. చెరిగిపోయింది."

"శుక్రవారం టేపులో శుక్రవారం ఎందుకుంటది?"

ఎస్సై తిరిగి కూర్చున్నాడు. "అంటే ఏందమ్మా?"

"టేపు మార్చేది మధ్యాహ్నం నమాజు టైముకు సార్. శుక్రవారం జుమ్మా నాడు ఆ టైముకు మసీదులో ఉంటాడు గదా ఆయన. గురువారం టేపునే అట్టా తిరగనిచ్చి, శనివారం పొద్దున వచ్చి మార్చేవాడు. 'నా శుక్రవారం ఎప్పుడూ గురువారంలోనే ఉంటదే' అని నవ్వేవాడు. శనివారం మార్చడానికి ఆయనే లేడు."

కానిస్టేబుల్ టేపులుండే అర వెతికాడు. గురువారం టేపు అక్కడ లేదు. డ్రైవ్ పక్కన, కాగితాల కింద బోర్లా పడి ఉంది.

"మా బావ టేపును ఇట్టా పారెయ్యడు సార్, ఇంకెవరో తీసి పడేశారు," అన్నాడు రఫీక్. "పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు."

"పెట్టవయ్యా," అన్నాడు ఎస్సై.

"ముందు క్లీనింగ్ టేపు వెయ్యాలి సార్," అన్నాడు ఆదినారాయణ. "డ్రైవ్ లోపల దుమ్ము... ఉన్న రికార్డు కూడా నలిగిపోద్ది."

"పెట్టు."

ఆదినారాయణ పెట్టాడు. సగం లోపలికి వెళ్లగానే మిగతా సగం డ్రైవే లాక్కుంది, చేతిలోంచి గుంజుకున్నట్టు. టేపు చుట్టలు చుట్టుకుంటూ శుక్రవారం వైపు పరుగెత్తింది. ఆ చప్పుడు అతని చెవులకు తలుపును గోళ్లతో గీరుతున్నట్టు ఉంది.

"తలుపు బయట కెమెరా లేదంటిరిగా. లోపలిదాంట్లో ఏం తెలుస్తది?" అడిగాడు ఎస్సై.

"లోపలిదానికి మైకుంది సార్," అన్నాడు రఫీక్. "నేనే బిగించా."

"వద్దు సార్!" ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. "ఆడమనిషి ముందు... కట్టుకున్నోడు చచ్చిపోతుంటే వినిపిస్తారా? నేనూ వినలేను. వాడు నా తమ్ముడి లాంటోడు."

"నేను వింటానన్నా," అంది జరీనా. కుర్చీ మీది స్వెట్టర్ తీసుకుని గుండెకు అదుముకుంది. "నిమిషంలో వద్దామనుకున్నాడు కాబట్టే ఇది ఏసుకోకుండా పోయాడు. ఆ నిమిషం పని ఏందో తెలుసుకోవాలి."

స్క్రీన్ మీద మూడో చాంబర్ లోపలి భాగం కనిపించింది. టిక్కీల వరసల మధ్య తెల్ల చొక్కాలో ఇస్మాయిల్. తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. సౌండ్ తక్కువగా ఉండి మాట వినపడలేదు.

ఆదినారాయణ కళ్లు మూసుకున్నాడు.

ఎస్సై ముందుకు వంగి సౌండ్ పెంచాడు. ముందు చలిగాలి హోరు. తర్వాత పళ్లు టకటకలాడుతుండగా, గదిలో అందరి మధ్యా నిలబడి పిలిచినట్టు ఇస్మాయిల్ గొంతు:

"బయటే ఉన్నావని తెలుసన్నా... నువ్వు టిక్కీలు మార్చి అమ్ముకున్న సంగతి ఎవ్వరికీ చెప్పన్లే... తలుపు తియ్యన్నా, ఆదినారాయణన్నా!"