గోదారమ్మ పలుకుతుంది

చెవిపూస లేని మనిషి ఇప్పుడెక్కడా లేడు. ఆ పూసలోంచి ఆఫీసు మాటలు నిద్రలోనూ నేరుగా తలలోకే దిగుతాయి. తల బద్దలవుతోంది, సెలవివ్వండని హైమావతి అడిగితే, ఆఫీసువాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి కళ్లముందు అరకులోయను సినిమాలా ఆడించి, అదే సెలవని మళ్లీ పనిలోకి తోలారు. మర్నాడే ఆమె చెప్పాపెట్టకుండా అసలు అరకుకే రైలెక్కింది.

"కుర్చీలో చూశారుగా, మళ్లీ ఎందుకండీ? వెనక్కొచ్చేయండి," అని మేనేజరు దారంతా చెవిలో పోరుతూనే ఉన్నాడు.

రైలు రాజమండ్రి వంతెన మీదికి రాగానే జనం గోదారిలోకి నాణేలు విసిరి దణ్ణాలు పెట్టుకున్నారు. ఊరికే కూర్చున్న హైమావతిని చూసి పక్కనున్న ముసలావిడ, "చిల్లర లేదా అమ్మా? ఇదుగో," అని రూపాయి అందించింది.

"వద్దండీ, నా దగ్గరుంది," అంటూ హైమావతి చెవిపూస పీకి కిటికీలోంచి గిరాటేసింది. అప్పటిగ్గానీ ఆమెకు రైలు చప్పుడు వినపడలేదు.

"అయ్యయ్యో! ఆఫీసోళ్లు పిలిస్తే ఎలాగమ్మా?"

"గోదారమ్మ పలుకుతుందిలెండి."