నాలుగో అంతస్తు మదామ్

"మీరే మదామ్ సిరానుష్ అయితే మీ ఆర్మేనియన్ భాషలో రెండు ముక్కలు మాట్లాడండి, వింటాను" అన్నాడు లబీబ్, గుమ్మంలోంచి కదలకుండా.

నబవియ్యా గతుక్కుమంది. మదామ్ గౌను తొడుక్కుంది. మదామ్ పాత కళ్ళద్దాలు పెట్టుకుంది. మదామ్‌లాగే మెడ నిటారుగా నిలిపింది. భాష సంగతే ఆలోచించలేదు. ఆ ఇంట్లో పాతికేళ్ళు వంట చేసినా ఆమెకు అబ్బినవి మూడు మాటలు. పరెవ్ అంటే నమస్కారం. అయో అంటే అవును. షాద్ లావ్ అంటే చాలా బాగుంది.

"నీతోనా? నీకేం అర్థమవుతుందని మాట్లాడాలి?" అంది, మదామ్ గొంతు తెచ్చుకుని.

"నాకు అర్థం కావక్కర్లేదు. ఈ మేడ మా కంపెనీ కొనేసింది. మదామ్ ఇందులో కాపురమున్నన్నాళ్ళే ఆ పాత అద్దె ఒప్పందం. ఆవిడ దేశం దాటి రెండేళ్ళయిందనీ, ఇంట్లో ఉన్నది పనిమనిషనీ మా చెవిన పడింది."

"ఎవరు చెప్పారయ్యా? పైన పావురాలా? చెప్పడానికి ఈ మేడలో మనిషంటూ ఉంటేగా!"

అది నిజమే. కింద దర్జీ కొట్టు మూతబడింది. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు పోయాక బోర్డు మాత్రం మిగిలింది. ఫోను తీగ తెగి ఏడాది దాటినా బాగుచేయడానికి ఎవరూ రాలేదు. తన గొంతు తనకే వినపడని రోజులు నబవియ్యాకు ఎన్నో గడిచాయి. సెలవు రోజుల్లో కైరో పాత వీధులు చూడడానికి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు మెట్లెక్కి వస్తారు. వాళ్ళ అడుగుల చప్పుడు కోసం ఆమె తలుపు వెనక నిలబడేది. వాళ్ళు దిగిపోయాక కూడా కాసేపు అలాగే ఉండేది.

ఇప్పుడూ మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెడలో కెమెరా, చేతిలో మడత పెట్టిన మ్యాపుతో యాభై ఏళ్ళావిడ ఇనప కమ్మీ పట్టుకుని మెల్లగా పైకి వచ్చింది.

"ఏమనుకోకండి. పాత మేడలు చూస్తూ తిరుగుతున్నాను. ఈ మెట్లు చూడొచ్చా?" అంది, తడబడే అరబిక్‌లో.

లబీబ్ ముఖం విప్పారింది. "తప్పకుండా చూడండి! అప్పట్లో ఈ దేశాన్నేలిన ఖెదివ్ గారు పారిస్ చూసొచ్చి మోజుపడ్డ రోజుల్లో మొదలైన సోకులు కదా ఇవన్నీ. కట్టింది ఇటలీ మేస్త్రీ. పాలరాయీ అక్కణ్ణుంచే తెప్పించారు. ఒక్క ఏడాది ఆగండి, మేడంతా ఖాళీ చేయించి మళ్ళీ అప్పటిలా మెరిపించేస్తాం."

"అంతా ఖాళీ చేయిస్తే ఇక్కడ ఉండేదెవరు?"

"మీలాంటి వాళ్ళే. హోటల్ కడుతున్నాంగా!"

ఆమె కమ్మీ వదిలింది. తలుపు మీది ఇత్తడి పలక దగ్గరికి వెళ్ళి దాని మీది ఆర్మేనియన్ అక్షరాలను వేలితో తడిమింది.

"అవి చదవడం వచ్చా మీకు?" అన్నాడు లబీబ్.

"వచ్చు. మా ఇంట్లో మాట్లాడుకునేది ఈ భాషే."

లబీబ్ చేతులు చరిచాడు. "భలే సమయానికొచ్చారు! ఈవిడతో నాలుగు మాటలు మాట్లాడి పెట్టండి. జవాబు చెప్పారా, నా దారిన నేను పోతాను. చెప్పలేదా, రేపే తాళం."

నబవియ్యా తలుపు రెక్క పట్టుకుంది. తాళం పడితే తను ఏ మసీదు అరుగు మీదో పడుంటుంది. మరి మదామ్ తిరిగొస్తే? తన పెట్టెలు మోసుకుని ఆవిడ ఎక్కడికి వెళుతుంది? మూడు నెలల్లో వస్తానంది. అందుకే కదా రోజూ ఆవిడ పక్క దులపడం, కిటికీ రెక్కలు తెరవడం. ఆ కొత్త మనిషి వంక కళ్ళతోనే బతిమాలుతూ చూసింది.

వచ్చినావిడ ఆ గౌను కాలరును, కళ్ళద్దాలను, నబవియ్యా చేతులను చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, గొంతు తగ్గించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అందులో నబవియ్యాకు తెలిసిన మాట ఒక్కటీ లేదు.

"అయో" అంది నబవియ్యా.

ఆవిడ ఆగి చేతిలోని మ్యాపును ఇంకో మడత పెట్టింది. మళ్ళీ ఏదో చెప్పింది.

"అయో, అయో."

లబీబ్ కళ్ళు చికిలించి చూస్తున్నాడు. అన్నిసార్లూ ఒకే మాటంటే పట్టేస్తాడనిపించింది నబవియ్యాకు. ఉన్న నవ్వంతా ముఖానికి తెచ్చుకుని, "షాద్ లావ్!" అంది గట్టిగా.

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఒక్క అడుగు ముందుకు వేసి నబవియ్యాను రెండు చేతులతో కావలించుకుంది. ఎంతకీ వదల్లేదు.

"సరే సరే, ఇంకేం కావాలి! మావాళ్ళే తప్పు విన్నారు. మన్నించండి మదామ్" అని కాగితాలు చంకలో పెట్టుకుని లబీబ్ మెట్లు దిగాడు.

అతని అడుగుల చప్పుడు వీధిలో కలిసేదాకా ఇద్దరూ గుమ్మంలోనే ఆగారు. తర్వాత నబవియ్యా ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మదామ్ కుర్చీలోనే కూర్చోబెట్టి కాఫీ కాచి ఇచ్చింది. రెండేళ్ళలో ఆ ఇంట్లో రెండో కప్పు బయటికి తీయడం అదే మొదలు.

"నన్ను బతికించావు తల్లీ! నేను మదామ్‌ని కాననీ, వంటమనిషిననీ కనిపెట్టేశావు కదూ?"

"ఊఁ."

"అయినా నన్ను కాచావు. మా మదామ్ రానీ, మొట్టమొదట నీ గురించే చెబుతాను. కళ్ళ వైద్యానికని ఫ్రాన్సులో మార్సెయ్ వెళ్ళింది. చలికాలానికైనా రాకుండా ఉంటుందా!" నబవియ్యా చాన్నాళ్ళ తర్వాత మనస్ఫూర్తిగా నవ్వింది. "ఇంతకీ అంతసేపు నాతో ఏం చెప్పావమ్మా? జవాబులు సరిగ్గానే ఇచ్చానా?"

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"'మార్చిలో అమ్మ పోయింది. ఆఖరిదాకా నన్ను నీ పేరుతోనే పిలిచింది' అన్నాను, నబవియ్యా."