సగం సున్నం

సిద్దిరాములు తన్నిన తన్నుకు సున్నం బకెట్ బోర్లాపడింది. తెల్లటి నీళ్లు హైవే పక్క మోరీలోకి పారాయి.

"ఎవడ్రా నువ్వు? మా కట్టకు సున్నమెందుకేస్తున్నవ్?"

కుంచె పట్టుకొని కూర్చున్న గడ్డపాయన మెల్లగా లేచాడు. "నా పేరు బషీర్. మాది నకిరేకల్."

"పేరెవడు అడిగిండు? సెంటరోళ్లు పంపిండ్రా, స్టేటోళ్లు పంపిండ్రా?"

"ఎవ్వలు పంపలే భయ్యా."

సిద్దిరాములు నమ్మలేదు. నమ్మకపోవడానికి అతని కారణం అతనికుంది.

కట్ట అంటే స్పీడ్ బ్రేకర్. బడికి పోతూ రోడ్డు దాటుతున్న అతని చిన్న కూతురు సంధ్యను లారీ కొట్టేశాక, ఊరంతా కలిసి కంకర, తారు తెచ్చి పోసుకున్నది. అంతకుముందు తిరగని ఆఫీసు లేదు. రోడ్డు కేంద్రానిది, మేము చెయ్యి పెట్టలేమన్నారు రాష్ట్రం వాళ్లు. నేషనల్ హైవే మీద బ్రేకర్ వెయ్యడానికి రూలు ఒప్పుకోదు, బండ్ల స్పీడు మీ రాష్ట్రం పోలీసులు చూసుకోవాలన్నారు కేంద్రం వాళ్లు. ఊరు రెంటికి చెడ్డ రేవడి అయింది. పిల్ల పోయాక ఊరు ఇంకెవరినీ అడగలేదు.

కట్ట లేచాక కూడా అదే తంతు. తీసేస్తే ఊరు తిరగబడుతుంది. రంగు వేసి బోర్డు పెడితే ఉన్నదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఆ దొరలూ ఈ దొరలూ కార్లలో దాని మీద ఎగిరిపడుతూనే, దాన్ని చూడనట్టు పోయేవారు.

ఇక సున్నం సంగతి. రోడ్డు వెడల్పు చేసిన ఏడాది, నేతోళ్ల వాడలో సున్నం గీత పడ్డ మర్నాడే జేసీబీ దిగింది. సిద్దిరాములు మగ్గం గుంత గీత అవతల పడి మట్టిలో పూడిపోయింది. అప్పటి నుంచి ఆ ఊళ్లో సున్నం గీతకు ఒకటే అర్థం, రేపు కూలగొడతారని.

"కట్ట తీసెయ్యనీకి గుర్తు వెడుతున్నడు, రాండ్రి!" అని కేకేశాడు సిద్దిరాములు.

హోటల్ కాడ చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు పెట్టేసి ఉరికొచ్చారు. సర్పంచ్ అమరేందర్ అందరికంటే ముందున్నాడు.

"గుర్తు కాదు, కనపడాలని..." అంటున్న బషీర్ మాట ఎవరూ విననే లేదు. సిద్దిరాములు చేతికి పార దొరికింది. దాని కర్ర కామతో బషీర్ కుడి మణికట్టు మీద ఒక్కటేశాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పాపమన్నవాడు ఒక్కడు లేడు.

బషీర్ ఎడమ చేత్తో విరిగిన చేతిని పట్టుకున్నాడు. "జర మిగిలిన సగం కొట్టనియ్యుండ్రి. పోత."

"సగం లేదు, గిగం లేదు. మల్ల కనబడ్డవంటే రెండో చెయ్యి గూడ ఉండది."

ఆటోలోకి నెట్టి పంపేశారు. కట్ట మాత్రం అట్లాగే మిగిలింది. కల్వకుర్తి దిక్కు పోయే బండ్ల వైపు తెల్లగా, అటు నుంచి వచ్చే బండ్ల వైపు తారులో తారుగా. ఊరు దాన్ని గెలుపు కింద జమ వేసుకుంది.

ఆషాఢం వెళ్లింది. పుట్టింట్లో ఉన్న పెద్ద కూతురు కోమలను తీసుకుపోవడానికి కొత్త అల్లుడు దినేశ్ కల్వకుర్తి నుంచి బండి మీద బయలుదేరాడు. ఆ తోవన బండి మీద రావడం అదే మొదలు. కట్ట ఉన్నదని చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఊరివాళ్లకు అది ఇంటి గడప లాంటిది, అలవాటైపోయింది. లోపల అత్త ఆండాళు గారెలు వేస్తోంది. బయట ముసురు.

మసక పడుతుండగా రోడ్డు మీద ధడేలుమని చప్పుడైంది.

"ఎవడో పడ్డడు!" అని అరిచాడు అమరేందర్. "పోలీసులొచ్చే లోపల జరపాలె. కట్ట మీద పడ్డడని రాస్తే కట్ట తీసేస్తరు."

ఈ పని ఊరికి కొత్త కాదు. పోయిన వానాకాలం ఒక పిల్లగాడు ఇక్కడే ఎగిరిపడితే, అతన్నీ బండినీ అవతలి మలుపు దాకా గుంజి పెట్టారు. ఊపిరి ఉందో లేదో చూసినవాడు లేడు. ఆనాడు కాళ్లు పట్టింది సిద్దిరాములే.

ఈనాడూ అతనే పట్టాడు. బోర్లాపడ్డ మనిషిని వానలో బరబరా ఈడ్చుకుపోయాడు. మలుపు కాడ వెల్లకిలా తిప్పితే ఎవరో ఫోన్ లైటు వేశారు.

దినేశ్. పెదాలు ఇంకా కదులుతున్నాయి.

దవాఖాన చేరేసరికి అవీ ఆగిపోయాయి.

"నాయినా, ఏడ వడ్డడే?" అని ఒక్కసారే అడిగింది కోమల.

"మలుపు కాడ బిడ్డా" అన్నాడు సిద్దిరాములు. ఊరంతా అవునంది.

దినాలు అయ్యాక ఒక పొద్దున అతనే బకెట్‌లో సున్నం కలుపుకొని కట్ట కాడికి నడిచాడు. అక్కడ అప్పటికే ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. కుడి చేతికి సిమెంటు పట్టీ, ఎడమ చేతిలో కుంచె. గీత వంకరటింకరగా పోతోంది.

సిద్దిరాములు అతని ఎదుట కూలబడ్డాడు. "బషీర్ భాయ్, నిన్ను కొట్టి నా బిడ్డ బతుకు నేనే కూలగొట్టుకున్న."

"విన్న" అన్నాడు బషీర్, కుంచె ఆపకుండానే.

"నీకు కోపం లేదా? కట్ట తియ్యమని ఆఫీసుల ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా?"

"తీస్తే మీ పిల్లలు మల్ల లారీల కింద పడ్తరు. కట్ట ఉండాలె. కనపడాలె, గంతే."

"మా పిల్లల ఫికర్ నీకెందుకు భాయ్?"

బషీర్ కుంచెను బకెట్ అంచుకు ఆనించాడు.

"పోయిన వానాకాలం నా కొడుకును మలుపు దాకా గుంజిండ్రు గని, వాని చెప్పు ఒకటి గీ కట్ట కాడనే మరిచిపోయిండ్రు" అన్నాడు.