హెచ్ నొక్కితే

"ఈ పుస్తకంలో ఒక్క అధ్యాయం కూడా లేదండీ!"

లాప్‌టాప్ బల్ల మీద పెడుతూనే అన్నాడు సాయికృష్ణ. జర్మనీలోని కార్ల్స్‌రూహె యూనివర్సిటీలో చూపులేని వాళ్ల కోసం పుస్తకాలను డిజిటల్‌గా మార్చే ఆ ఆఫీసులో మీనాక్షి చేరి నెల కూడా కాలేదు. నిన్న అతనికి పంపిన పుస్తకమే ఆమె సొంతంగా తయారుచేసిన మొదటిది.

జీన్స్, వీపున బ్యాగు, చేతిలో తెల్ల కర్ర. తెలుగు కుర్రాడు కనబడేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"లేకపోవడమేంటి తమ్ముడూ? ప్రతి అధ్యాయం పేరూ పెద్ద అక్షరాల్లో, నీలం రంగులో పెట్టాను. ఎంత బాగుందో!"

"ఉండే ఉంటుందండీ. నాకు కనబడదుగా," నవ్వాడతను.

మీనాక్షి నాలుక కరుచుకుంది.

"నేను హెచ్ నొక్కితే, చదివి వినిపించే ఈ స్క్రీన్ రీడర్ తర్వాతి హెడింగ్‌కి దూకాలి. వినండి." నొక్కాడు. హెడింగులు లేవంది లాప్‌టాప్ జర్మన్‌లో. "అక్షరాలు పెద్దవి చేస్తే దానికి తెలీదు. ఇది హెడింగ్ అని ఫైల్ స్టైల్‌లో గుర్తు పెట్టాలి. లేకపోతే ఏ అధ్యాయం కావాలన్నా మొదటి పేజీ నుంచి వింటూ కూచోవడమే. మూడింటికేమో పరీక్ష!"

"దీని మీదేనా?"

"దీని మీదే. నోటి పరీక్ష. ఏ అధ్యాయం మాటొస్తే అది నాకు చటుక్కున దొరకాలి. తేడా వస్తే సెమిస్టర్ మొత్తం గంగలో కలిసినట్టే."

గడియారం రెండు దాటింది. మీనాక్షి లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "నా వల్ల నీ సెమిస్టర్ పోనిస్తానా? కూచో ముందు!"

అతనేదో చెప్పబోయాడు. ఆమె వింటేగా! కుర్చీ లాక్కుని పనిలో పడింది. నీలం రంగు పేర్లన్నీ ఒక్కసారిగా పట్టుకుని హెడింగులు చేసింది. వాటి కింది చిన్న శీర్షికలు మాత్రం అలా లొంగలేదు. ఒక్కొక్కటే వెతికి, గుర్తుపట్టి, మార్చుకుంటూ పోయింది. చల్లారిన కాఫీ అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు నొక్కు!"

సాయికృష్ణ హెచ్ నొక్కాడు. మొదటి అధ్యాయం పేరు పలికింది. మళ్లీ నొక్కాడు. రెండోది. టకటకా నొక్కుతూ పోయాడు. అధ్యాయాలు గంతులేస్తూ వచ్చేశాయి.

"అబ్బ! ఎగురుతోందండీ పుస్తకం!"

మీనాక్షి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అతనితోపాటే పై అంతస్తులోని పరీక్ష గది దాకా పరుగులాంటి నడకతో వెళ్లింది. "నిదానంగా మాట్లాడు. అస్సలు కంగారుపడకు. గెలుపు నీదే!"

"సరేనండీ," అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయాడు.

బయట బెంచీ మీద ఒక జర్మన్ అమ్మాయి గోళ్లు కొరుక్కుంటూ కూచుంది. మీనాక్షి జాలిపడి పక్కనే కూలబడింది. "భయపడకమ్మా. మా తమ్ముడు ఇప్పుడే వెళ్లాడు. అతనిది అయిపోగానే నిన్ను పిలుస్తారు," అంది జర్మన్‌లో.

ఆ అమ్మాయి ఆమె వంక వింతగా చూసింది.

అంతలో తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఒకావిడ తొంగిచూసి ఆ అమ్మాయితో అంది:

"రండి. ప్రశ్నలడగడానికి ప్రొఫెసర్ సాయికృష్ణ గారు సిద్ధంగా ఉన్నారు."