పసుపు బొట్టు పిక్కలు

"ఇరవై గెలిసేను కదా, పదకొండే ఉన్నాయేటి?" అని గొణుక్కుంటూ ఫల్గుణ తన ముందున్న అడ్డపిక్కల్ని మళ్లీ లెక్కపెట్టాడు.

ఎదురుగా మోహన్‌కృష్ణ మాస్టారు, పక్కన ఫల్గుణ భార్య సోని పేకముక్కలు పట్టుకుని కూర్చున్నారు. మాస్టారు పోకర్ ఆడటానికి ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. ఆయనింట్లో పందెం కాయడానికి ఖరీదైన చిప్స్ డబ్బా ఉంది. ముంచింగిపుట్టు సంతలో ఫల్గుణ కొన్న ప్లాస్టిక్ బిళ్లలేమో కిటికీ గాలికే ఎగిరిపోయాయి. అందుకే అడవిలో దొరికే అడ్డాకు తీగ పిక్కల్లో, అంటే గింజల్లో, ఒకే సైజువి ఏరి, పురుగు పట్టకుండా దోరగా వేయించి, నూనె రాసి మెరిపించాడు. పసుపు బొట్టు పెట్టింది పదికి లెక్క, పెట్టనిది ఒకటికి.

మాస్టారి చొక్కా జేబు కాస్త ఉబ్బెత్తుగా కనిపించింది. ఇంటికొచ్చిన మనిషిని ఎలా అడగడం?

"అటేటి సూత్తన్నావు?" సోని కిసుక్కున నవ్వింది. "నీ మోకాలికాడ పొట్టు సూసుకో!"

గుప్పెడు పొట్టు! వేయించిన పిక్క చేతికొస్తే చిన్నప్పట్నుంచీ నోట్లోకే పోవడం అలవాటాయె. ఆలోచనలో పడి గెలిచినవాటిలో తొమ్మిది తానే నమిలేశాడు.

మాస్టారు పగలబడి నవ్వారు. "నాకూ మొదటి ఆట నుంచీ నోరూరుతోంది ఫల్గుణా. దొంగననుకుంటావేమోనని ఊరుకున్నాను."

ఫల్గుణ తలెత్తలేకపోయాడు. మిగిలిన పిక్కలన్నీ ఆయన ముందుకు తోసేశాడు.

"తినండి సార్."

మాస్టారు వెతికి వెతికి పసుపు బొట్టున్న పిక్కే తీసుకున్నారు.

"ఇదొక్కటి తింటే పది తిన్నట్టేనా?"