తోడు మాత్ర

వడ్రంగి ఆకుకూర తుంచుతున్నాడు. ఇంట్లో కత్తి లేదు, కాడలు చేత్తోనే విరిచి గిన్నెలో వేస్తున్నాడు. రోజూ ఆ గిన్నెడే. ఆకుకూర ఎక్కువైనా తక్కువైనా మందు లెక్క తప్పుతుందని డాక్టరు చెప్పాడట. అతని భార్య కిటికీ దగ్గర కూర్చుని రెండు మాత్రల డబ్బాలు సర్దుతోంది. ఇంట్లో ఆమెకు మిగిలిన పని అదొక్కటే.

పొద్దున్నే బస్సు దిగి వచ్చిన అతని అక్క కూర్చోలేక, నిలబడలేక గదంతా తిరుగుతోంది.

“ఉలి పట్టిన చేతికి ఎంత పని దొరికిందిరా,” అంది.

“ఆ రోజులు నువ్వు చూళ్ళేదక్కా.”

నిజానికి ఆస్పత్రి రోజులు అతనికీ మబ్బుగానే గుర్తు. భయంతో మతిపోయిందని అందరితో నవ్వుతూ చెప్తుంటాడు. భార్య చెప్పగా విన్నదే అక్కకూ చెప్పాడు. ఒంటిని కాయాల్సిన యాంటీబాడీలే కంచె చేను మేసినట్టు ఒంటి మీద తిరగబడ్డాయట. ధమనుల్లో నెత్తురు గడ్డకడుతోంది. దాన్ని పలచబరిచే మాత్ర మానకూడదు. ఆ మాత్ర వేసుకున్నాక చిన్న గాయమైనా నెత్తురు ఓ పట్టాన ఆగదు. అందుకే ముందుగదిలోని ఉలులూ రంపాలూ గోతంలో కట్టి అటకెక్కించాడు. గడ్డం గీసుకునే బ్లేడు కూడా పోయి మిషన్ వచ్చింది.

“జబ్బు మీ ఆవిడది, గడ్డం నీది. మధ్యలో బ్లేడేం చేసిందిరా?”

“కింద పడితే తొక్కుతుందేమోనని.”

అక్క ఊరికే రాలేదు. వాళ్ళ పక్కింటివాళ్ళు ఇల్లు కడుతున్నారు. తలుపులూ కిటికీలూ అన్నీ తమ్ముడే చెయ్యాలని మాట తీసుకుని వచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి అతని వేళ్ళు గిన్నె అంచు మీద తాళం వేస్తున్నాయి. చూపు మాటిమాటికీ అటక మీదికి పోతోంది. ఒకసారి లేచాడు కూడా.

“నాకు భయంగా ఉందండీ,” అంది భార్య.

మళ్ళీ కూర్చున్నాడు. అక్క పళ్ళు నూరింది.

మాత్రల వేళయింది. ఒంటరిగా మింగాలంటే ఆమెకు గొంతు దిగదు, తోడు కావాలి. అందుకని రోజూ అతను తన బలం మాత్ర ముందు మింగుతాడు. నెత్తురు పరీక్షకి మనిషి వచ్చినా అంతే, ముందు అతను చెయ్యి చాపితేగాని ఆమె చాపదు.

అక్కకి నవ్వాగలేదు. “చిన్నప్పుడు జ్వరమొస్తే మాత్ర కోడికి వేసేవాడు. చావనైనా చస్తాగాని మందు మింగనని చెట్టెక్కి కూర్చునేవాడు. అలాంటిది పెళ్ళాం కోసం మింగుతున్నావా?”

“ఇప్పుడూ అంతే. ఇది మందు కాదులే, బలానికి,” అంటూ అతను మింగేసి, గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

మంచినీళ్ళు అందుకోబోతూ భార్య తన మాత్రని జారవిడిచింది. తడి గచ్చు మీద పడ్డ దాన్ని అక్క తీసింది. వేళ్ళకి జిగురంటుకుంది. అనుమానమొచ్చి నాలుకకి తగిలించుకుంది.

తియ్యగా ఉంది.

“పిప్పరమెంటు బిళ్ళ,” అంది నెమ్మదిగా. “రోజూ ఇదేనా?”

భార్య తన డబ్బా చప్పున మూసేసింది.

“లేని జబ్బు తెచ్చిపెట్టుకుని వాడి చేతులు కట్టేశావన్నమాట. నేను ఇంకా పాపం అనుకున్నాను. వాడికి ఇప్పుడే చెప్తా. ఆ గోతం నేనే దింపుతా.”

స్టూలు లాగి ఎక్కింది. గోతం మూతి పట్టుకుని, “ఒరేయ్, ఇటు రా,” అని కేకేసింది. పెరట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. భార్య పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని ఆమెను కిందికి వంచింది. చెవిలో ఏదో చెప్పింది.

అతను ఎడమ చేతి వేళ్ళు ముడుస్తూ చాపుతూ లోపలికొచ్చాడు. “పిలిచావా అక్కా? ఈ తిమ్మిరొకటి, గిన్నె జారిపోతోంది.”

అక్క అతని వేళ్ళ వైపు చూసింది. స్టూలు మీద నిలబడే గోతాన్ని అటక లోపలికంటా నెట్టేసింది. దిగి, సంచీ తీసుకుని, చెప్పులేసుకుని గడప దాటింది.

“అక్కకేం చెప్పావు?” అన్నాడతను.

“వెళ్ళొస్తారా అన్నానండీ,” అందామె.

ఆమె చెప్పింది ఒక్కటే: “జబ్బు మీ తమ్ముడిది, వదినా.”