చెట్లు పీల్చిన గాలి

ముందు పుదీనా పోయింది. మరునాడు కనకాంబరం, ఆ మరునాడు కరివేపాకు మొక్క. వనజ తన చేతులతోనే ఒక్కొక్క డబ్బానూ గదిలోంచి మోసుకెళ్ళి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇచ్చేసింది.

బెంగళూరు శివారు హెబ్బగోడిలో వాళ్ళది ఒంటి గది, ఒక్కటే కిటికీ. బయట పెడితే మేకలు బతకనివ్వవని మొక్కలన్నీ లోపలే పెంచుకునేది. మూడేళ్ళు చినుకు రాలక కదిరి వైపు నుంచి వలస వచ్చిన మనిషి. పచ్చగా ఏదో ఒకటి కళ్ళబడందే ఆమెకు ముద్ద దిగేది కాదు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల మీది తెల్లటి దుమ్ము తుడిచేది.

అలాంటిది, ఇంటి ఓనరు పాపక్క ఒకరోజు గడపలో నిలబడి అనేసింది.

"రాత్రయితే చెట్లు కూడా మన గాలే పీలుస్తాయంట వనజా. నీ మొగుడు అట్ల దగ్గుతా ఉండాడంటే ఊరికేనా?"

వనజ మొగుడు సురేశ్ నాలుగు నెలలుగా దగ్గుతున్నాడు. రాళ్ళు కోసే షెడ్డు నుంచి వచ్చి, షర్టు విదిలించి, ఆయాసంతో గోడకు ఆనుకొని కూర్చుండిపోతాడు. పాలు పోసి పామును పెంచుకున్నానా అని ఆమె కుమిలిపోయింది.

పై గదిలో ఉండే టీచరమ్మ కిరణ్మయి మాత్రం నవ్వింది.

"ఏడు డబ్బాల మొక్కలతో ఏమీ కాదు వనజా. రాత్రంతా అవి పీల్చేదానికన్నా పక్కన పడుకున్న మనిషి పీల్చేదే చాలా ఎక్కువ."

వనజ ఆ మాట మొగుడికి చెప్పింది. అతను తలెత్తలేదు.

"చదివినోళ్ళకు మన బాధ ఏం తెలుసే? తీసేయ్."

తీసేసింది. దగ్గు తగ్గలేదు. ఇక మిగిలింది మల్లె ఒక్కటే, అదీ మొగ్గల మీద ఉంది. ఆ సాయంత్రం సురేశ్ తువ్వాలు మీద నెత్తుటి చార చూసింది. మల్లె డబ్బా చంకనెత్తుకొని పాపక్క గుమ్మంలో కూలబడింది.

"ఇదీ తెచ్చేసినా అక్కా. ఇంకేం తీసేస్తే ఆయప్పకు ఊపిరాడుతుందో చెప్పు."

పాపక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చెట్ల సంగతి నాకేం తెలుసు తల్లీ, 'రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల నిండా ఉండాది, పని మానకపోతే బతకవన్నాడు డాక్టరు, వనజకు తెలిస్తే పనికి పోనీదు, నువ్వే ఈ దగ్గును చెట్ల మీదికి తోసెయ్యక్కా' అని నా చేతులు పట్టుకున్నది నీ మొగుడే."